ఆఖరుసారి చూసిన తేదీ

ఏడేళ్ళుగా ప్రతి చలికాలంలోనూ నేను ఒకే చెరువు గట్టు మీద నడుస్తున్నాను. వారానికి రెండుసార్లు, వీలైతే మూడుసార్లు, తెల్లవారక ముందే వెళ్ళి, ఎండ ఎక్కేదాకా ఉండి, చూసిన పక్షులను లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఆ పుస్తకాల్లో మొదటి మూడింటిని ఈ మధ్య తిరగేసినప్పుడు ఒక లోపం కొట్టొచ్చినట్టు కనిపించింది. వలస పక్షులు వచ్చిన తేదీలన్నీ వాటిలో ఉన్నాయి. కొన్నిటి కింద ఎర్ర సిరాతో గీతలు కూడా ఉన్నాయి. అవి వెళ్ళిపోయిన తేదీ మాత్రం ఒక్కటీ లేదు. సూదితోక బాతులు ఏ రోజున తొలిసారి దిగాయో ఆ పుస్తకాలు చెప్తాయి గాని, ఎప్పటిదాకా ఉన్నాయో చెప్పలేవు, ఎందుకంటే ఫిబ్రవరి వచ్చేసరికి నేను వాటిని లెక్కపెట్టడం మానేశాను. రోజూ కళ్ళెదుట ఉండే బాతును రోజూ రాయడమెందుకని అప్పట్లో అనుకున్నాను.

పక్షి వస్తే వచ్చిందని చూసిన రోజే తెలుస్తుంది. వెళ్ళిపోవడం అలా తెలియదు. మార్చి 9న చెరువులో నలభై సూదితోక బాతులు ఉండి, 12న ఒక్కటీ కనిపించకపోతే, 9వ తేదీయే ఆఖరిదని 12న కూడా గట్టిగా చెప్పలేను. ఇంకా దక్షిణాన మరో చెరువులో చలికాలం గడిపిన గుంపు ఏదైనా ఉత్తరానికి పోతూ 15న ఇక్కడ దిగి ఒక పూట ఆగవచ్చు. మరో రెండు వారాలు వరుసగా ఆ పేరు పక్కన సున్నా రాసిన తరువాతే వెనక్కి వెళ్ళి ఏదో ఒక తేదీ కింద గీత గీయగలను. అంటే, ఆఖరుసారి చూస్తున్నప్పుడు అది ఆఖరుసారి అన్న సంగతి చూసేవాడికి తెలియదు; కాబట్టి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ చివరిదాకా ప్రతి జాతినీ, వెళ్ళిన ప్రతిసారీ, అదే ఆఖరుసారి కావచ్చునన్నంత శ్రద్ధతో లెక్కపెట్టాలి. కనిపించని రోజున సున్నా అని రాయాలి. పక్షుల పరిశీలనలో నాకు అన్నిటికంటే ఆలస్యంగా అలవడిన పని ఈ సున్నా రాయడమే. పక్షులను చూసినవాళ్ళు తమ జాబితాలను పంపే ఈ-బర్డ్ అనే వెబ్‌సైట్‌లో జాబితా నమోదు చేసేటప్పుడు, గుర్తుపట్టిన పక్షులన్నిటినీ రాశారా అని అడగడం వెనుక ఉన్న కారణమూ ఇదే. అన్నీ రాశానని పరిశీలకుడు చెప్పినప్పుడే, జాబితాలో లేని పక్షి ఆ పూట అక్కడ కనిపించలేదని అర్థం చేసుకోవడానికి వీలవుతుంది.

జనవరిలో ఈ చిక్కు ఉండదు. చెరువు నిండుగా ఉంటుంది, వచ్చే పక్షులు వచ్చేసి ఉంటాయి, పోయే కాలం ఇంకా రాదు. 1987 నుంచి ఏటా జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణనకు జనవరి నెలను ఎంచుకోవడం అందువల్లనే: పక్షులు ఒక చెరువు నుంచి మరో చెరువుకు అతి తక్కువగా తిరిగే నెల అది, ఒకే పక్షిని రెండు చోట్ల లెక్కపెట్టే ప్రమాదమూ తక్కువ. ఆ నెలలో బొల్లికోళ్ళు నీటి నడుమ నల్లని చాపలా పరుచుకుని ఉంటే, వాటి అంచుల్లో బాతులు ముక్కులు వీపు ఈకల్లో దూర్చుకుని నిద్రపోతూ ఉంటాయి. గుంపులో మొదట పది పక్షులను ఒక్కొక్కటిగా లెక్కించి, ఆ పది ఎంత చోటు పట్టిందో కంటితో కొలుచుకుని, అదే కొలతను గుంపు పొడవునా జరుపుకుంటూ పోతాను. రెండుసార్లు లెక్కపెట్టి, రెండు అంకెలూ రాస్తాను. మొదట్లో ఒక్క అంకె రాసేవాణ్ణి. రెండూ రాస్తేనే నా లెక్కలో ఎంత తేడా వస్తుందో నాకు తెలుస్తోంది.

ఫిబ్రవరి రెండో వారం దాటాక ఆ నిశ్చలత చెదరడం మొదలవుతుంది. చలి తగ్గినందువల్ల పక్షులు కదులుతాయని నేను చాలాకాలం నమ్మాను. నిజానికి వాటిని మొదట కదిలించేది పగటి నిడివి. మన అక్షాంశాల్లో డిసెంబరు చివర 11 గంటలకు కాస్త పైన ఉండే పగలు మార్చి మూడో వారానికి 12 గంటలు దాటుతుంది. గంట తేడాయే, మనం గమనించను కూడా గమనించం. పక్షి మెదడు లోపల, కళ్ళతో సంబంధం లేకుండా, పుర్రె గుండా చొరబడే వెలుతురును పసిగట్టే కణాలు ఉంటాయి. 1920లలో కెనడాలో విలియం రోవన్ అనే జీవశాస్త్రజ్ఞుడు జంకో అనే చిన్న పిట్టలను గడ్డకట్టే చలిలోనే ఆరుబయట పంజరాల్లో ఉంచి, విద్యుద్దీపాలతో వాటికి పగటిని కొద్దికొద్దిగా పొడిగించాడు. నడి చలికాలంలోనే వాటి సంతానోత్పత్తి అవయవాలు వసంతంలో మాదిరిగా పెరిగాయి. చలి అలాగే ఉంది, మారింది వెలుతురు ఒక్కటే. దీనికి తోడు పక్షి ఒంట్లో ఏడాది గడియారం ఒకటి ఉంటుంది. వెలుతురులో ఏ మార్పూ లేని గదిలో పెంచిన వలస పిట్టలు కూడా ఇంచుమించు ఆ కాలానికే రాత్రులు నిద్రమాని రెక్కలు కొట్టుకుంటాయి. జర్మన్ శాస్త్రజ్ఞులు ఆ స్థితికి త్సుగున్‌రూహె అని పేరు పెట్టారు. వలస కలవరం అని మనం చెప్పుకోవచ్చు.

ఆ కలవరాన్ని గట్టు మీద నిలబడి చూడటానికి మొదటి ఆనవాలు ఈకలు. గార్గనే అనే చిన్న బాతును నేను ఇందుకోసమే ప్రత్యేకంగా వెతుకుతాను. శరదృతువులో మన నీళ్ళలోకి దిగినప్పుడు ఆ జాతిలో మగదీ ఆడదీ ఒకే మట్టిరంగులో ఉంటాయి, విడదీసి చెప్పడం కష్టం. మిగతా బాతుల్లో మగవి డిసెంబరుకే తమ రంగులు తెచ్చుకుంటే, గార్గనే మగది చలికాలం చివరిదాకా ఆ సాదా వేషంలోనే గడుపుతుంది. ఫిబ్రవరిలో ఒక ఉదయం, కంటి మీదుగా మెడ వెనక్కి ఒక తెల్లని గీత, సున్నంతో సన్నగా దిద్దినట్టు, ముందు మసకగా, వారం గడిచేసరికి స్పష్టంగా కనిపిస్తుంది. నా పుస్తకంలో వసంతానికి ఆ గీతే తొలి తేదీ. ఈ ఏడాది ఫిబ్రవరి 11న ముప్పై ఆరు గార్గనేలలో మూడింటికి ఉంది. 25న పంతొమ్మిదింటికి ఉంది. మార్చిలో ఇక లెక్కపెట్టనక్కర లేదు, గీత లేనిది ఆడదే అనుకోవచ్చు.

పొడవాటి ముక్కుతో బురదలో తిండి వెతికే గాడ్విట్ అనే పక్షులకు మెడ మీద ఇటుక రంగు మచ్చలు మచ్చలుగా మొదలై, మార్చి చివరికి మెడా రొమ్మూ అంతా పాకుతుంది. అది కొత్త ఈకలు మొలిచి వచ్చే రంగు. జమ్ము అంచున కూర్చునే స్టోన్‌చాట్ అనే చిన్న పిట్ట సంగతి వేరు, అది నాకు మరీ ఇష్టం. శరదృతువులో దాని తల నల్లగా ఉండదు, గోధుమ పొడి చల్లినట్టు ఉంటుంది. ఆ నలుపు ఈకల లోపల అప్పటికే ఉంది; కొనలు మాత్రం గోధుమ రంగువి. చలికాలమంతా గడ్డిలో తిరిగి తిరిగి ఆ కొనలు అరిగిపోతే, మార్చి నాటికి నల్లని తల బయటపడుతుంది. కొత్త బట్ట కట్టకుండా, ఉన్నదాన్ని అరగదీసి పెళ్ళికి సిద్ధమయ్యే పిట్ట అది. సంస్కృత కవులు ఖంజనమని పిలిచి అందమైన కళ్ళకు పోలిక తెచ్చిన వాగ్‌టైల్‌లలో, బురద అంచున తోక ఊపుకుంటూ తిరిగే సిట్రిన్ వాగ్‌టైల్ మగదానికి తల మొత్తం నిమ్మపండు పసుపుకు తిరిగేది కూడా ఈ వారాల్లోనే. సాయంత్రం వేల కొద్దీ జమ్ములోకి దిగే వాన కోయిలలను కూడా తలెత్తి చూడాలి; అక్టోబరులో చిరిగి అరిగిన రెక్కలతో వచ్చినవి, మార్చికి రెక్కల ఈకలన్నీ మార్చుకుని, తోక చివర పొడవాటి తీగలతో నిగనిగలాడుతూ ఉంటాయి.

రంగు తరువాత బురద. జనవరిలో గట్టును తాకే నీరు ఫిబ్రవరిలో వెనక్కి తగ్గుతుంది, రోజూ ఒక మూర చొప్పున కొత్త బురద బయటపడుతుంది. నీటిపక్షులు లేని చెరువు చూడాలంటే ఏడాది పొడవునా ఒకే మట్టంలో నీళ్ళు నిలిపి, చుట్టూ రాతి కట్టడం కడితే చాలు. ఈ మాట కొంత కోపంతోనే రాస్తున్నాను. అడుగు లోతు నీళ్ళూ, చీలమండ లోతు నీళ్ళూ, తడి బురదా, ఆరిన బురదా, ఈ నాలుగూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నప్పుడే రకరకాల ముక్కులకు తిండి దొరుకుతుంది. గాడ్విట్ కడుపు లోతు నీళ్ళలో నిలబడి ముక్కు మొదలంటా అడుగు మట్టిలో దించుతుంది. వుడ్ శాండ్‌పైపర్ ఒడ్డునే పైపైన ఏరుకుంటుంది. లిటిల్ స్టింట్ తడి బురద మీద కుట్టుమిషను సూదిలా గుచ్చుకుంటూ పరుగెత్తుతుంది. ఈ జాతి పక్షుల ముక్కు కొనలో స్పర్శను పసిగట్టే సూక్ష్మమైన గుంటలు ఉంటాయి. కంటికి కనిపించని పురుగును బురద కదలికను బట్టి పట్టుకుంటాయి. షోవెలర్ బాతులకు బురదతో పని లేదు. అవి పార లాంటి ముక్కులను నీటిపై ఆనించి, ఒకదాని వెనుక ఒకటి గుండ్రంగా తిరుగుతూ, అడుగు నుంచి పైకి లేచిన సూక్ష్మజీవులను ముక్కు అంచున ఉన్న దువ్వెన పళ్ళతో వడగడతాయి.

మామూలుగా పాతిక గ్రాములు మించని లిటిల్ స్టింట్ ఇక్కడి నుంచి ఉత్తర ధ్రువ ప్రాంతపు టండ్రాకు వెళ్ళి గుడ్లు పెట్టాలి. దాని ప్రయాణానికి కావలసిన బలమంతా ఈ బురదలోనే ఉంది. మార్చిలో ఈ పక్షులు తినే తీరు మారిపోతుంది: జనవరిలో తిని, ఒంటికాలి మీద నిలబడి నిద్రపోయినవి ఇప్పుడు తలెత్తకుండా తింటాయి. తిన్నది కొవ్వుగా మారుతుంది. పిండిపదార్థం కంటే రెట్టింపు పైగా శక్తి ఇచ్చే కొవ్వు, కరిగినప్పుడు కొంత నీటిని కూడా ఇస్తుంది, దాహానికి దిగనక్కర లేకుండా. మార్చి నెలలో గాడ్విట్ పొట్ట వైపు చూడండి, రెండు కాళ్ళ నడుమ గుండ్రంగా కిందికి దిగి ఉంటుంది.

నేను చేసిన ఒక తప్పు ఇక్కడ చెప్పాలి. నాలుగో ఏడాది మార్చిలో, ఇటుక రంగు నిండిన గాడ్విట్‌ల ఫొటో కోసం ఒక ఉదయం వంగి వంగి వాటి దగ్గరకు నడిచాను. అవి మొదట తినడం ఆపాయి, తరువాత అన్నీ ఒకే వైపుకు తిరిగి నిలబడ్డాయి, తరువాత లేచాయి. వాటితో పాటు చుట్టుపక్కల ఉన్న స్టింట్‌లూ, శాండ్‌పైపర్‌లూ, అవతలి బాతులూ లేచాయి. అరగంట పాటు చెరువు మీద తిరుగుతూనే ఉన్నాయి. వారాల తరబడి కూడబెట్టుకున్న కొవ్వును నేను ఒక్క ఫొటో కోసం గాలిలో కరిగించానని నాకు ఆ రాత్రి లెక్కలు చదువుతుంటే అర్థమైంది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: తింటున్న పక్షి తల ఎత్తి నా వైపు చూసిందంటే నేను అప్పటికే దగ్గరికి వచ్చేశాను, రెండు అడుగులు వెనక్కి వేయాలి. సూర్యుణ్ణి వీపు వెనుక ఉంచుకుని ఒకేచోట కూర్చుంటే, గంటలోపు అవే దగ్గరికి వస్తాయి.

బాతులదీ పెద్ద బాతులదీ వేరే కథ. తల వెనుక రెండు నల్లని అడ్డచారలు ఉండే బార్‌హెడెడ్ గూస్ అనే పెద్ద బాతులు కొన్ని ఏళ్ళలో మా చెరువుకు ఇరవై ముప్పై దాకా వస్తాయి. ఇవి హిమాలయాలను దాటి టిబెట్ పీఠభూమికీ, మంగోలియాకూ వెళ్ళి గూళ్ళు కట్టే పక్షులు. వీటి రక్తంలోని హిమోగ్లోబిన్ పలుచని గాలి నుంచి కూడా ప్రాణవాయువును గట్టిగా పట్టుకోగలదు. ఒంటికి అమర్చిన పరికరాల ద్వారా 7,290 మీటర్ల ఎత్తున ఎగిరిన పక్షి నమోదైంది. అయితే చాలా వరకు ఇవి అంత ఎత్తుకు పోకుండా, లోయలూ శిఖరాలూ ఎలా ఉంటే అలా నేలను అనుసరిస్తూ లేస్తూ దిగుతూ, చల్లని గాలి చిక్కగా ఉండే రాత్రీ తెల్లవారుజామూ ఎంచుకుని దాటుతాయి. తొందరపడి వెళితే అక్కడి సరస్సులు ఇంకా గడ్డకట్టి ఉంటాయి. ఆలస్యం చేస్తే పిల్లలకు రెక్కలు రాకముందే ఆ చిన్న వేసవి ముగిసిపోతుంది. జక్కవలదీ ఇంచుమించు అదే దారి. పగలు జంటగా ఉండి రాత్రి విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయని కావ్యాలు చెప్పిన ఈ చక్రవాకాలు లడఖ్, టిబెట్ ప్రాంతాల్లో కొండ బొరియల్లో పిల్లలను చేస్తాయి. సూదితోక బాతుల్లో జంటలు చలికాలపు నీళ్ళలోనే కుదురుతాయి, ఫిబ్రవరిలో ఒక ఆడబాతు వెంట నాలుగైదు మగబాతులు మెలికలు తిరుగుతూ ఎగరడం అందుకే. జత కుదిరాక ఆడది తాను పుట్టిన ప్రాంతానికి తిరిగి వెళుతుంది, మగది దాని వెంట పోతుంది. ప్రతి ఏడూ ఇల్లరికమే.

ఈ బాతుల ప్రయాణం బయలుదేరడాన్ని కళ్ళారా చూడాలని నాలుగేళ్ళుగా సాయంత్రాలు కూడా వెళుతున్నాను. 8 రెట్లు పెంచి చూపే 42 మిల్లీమీటర్ల బైనాక్యులర్స్ ఇందుకు సరిపోతుంది. కంటికి చేరే వెలుతురు వలయం 5 మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది కనుక, చీకటి పడ్డాక కూడా కొంతసేపు ఆకారాలు తెలుస్తాయి. కాని అసలు చిక్కు వెలుతురుది కాదు. చలికాలమంతా ఈ బాతులు పగలు చెరువులో నిద్రపోయి, మునిమాపువేళ లేచి, రాత్రి మేతకు పొలాలకో వేరే మడుగులకో పోయి, తెల్లవారే ముందు తిరిగి వస్తాయి. ప్రతి సాయంత్రమూ అవే పిలుపులు, అదే చుట్టు తిరగడం, అదే వరుస కట్టడం. వాటిలో ఒక సాయంత్రం మేతకు పోవడం కాదు, ఉత్తరానికి పోవడం. ఆ రెంటికీ తేడా కింద నిలబడినవాడికి తెలియదు.

ఆ చెరువులో వల వేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఒక మార్చి ఉదయం నేను ఖాళీ నీళ్ళను చూస్తూ నిలబడితే, వల దులుపుతూ అన్నాడు: "రాత్రి పోయినాయి బాబూ. తెప్ప మీదే ఉన్నా నేను."

"మేతకు పోయాయేమో, తాతా?"

"మేతకు పోతే తూర్పు చేల మీదకి పోతాయి. నిన్న పైకి పోయినాయి. అరుపు దూరమవుతా ఉంది గాని కిందికి రాలేదు."

ఆ మాట నేను పుస్తకంలో యథాతథంగా రాసుకున్నాను. నిన్నటి సాయంత్రం నేను కూడా అక్కడే ఉన్నాను, గూస్‌లు లేవడం చూశాను, పదిహేడు అని లెక్కపెట్టాను, మామూలు మేత ప్రయాణమని అనుకుని ఇంటికి వచ్చేశాను. గాలి దక్షిణం నుంచి వీస్తోంది, ఆకాశం నిర్మలంగా ఉంది. ఈ రెండూ రాసి ఉన్నాయి గాని వాటి అర్థం నాకు తట్టలేదు. ఇప్పుడు ఫిబ్రవరి నెల మొదలు ప్రతి సాయంత్రమూ గాలి దిశ రాసుకుంటున్నాను, గుంపు లేచాక శబ్దం ఆగేదాకా నిలబడుతున్నాను.

చెరువు ఖాళీ అవుతోందని చెప్తూ పోతే సగమే చెప్పినట్టు. వెళ్ళేవి వెళుతున్న ఆ వారాల్లోనే ఉండిపోయేవాటి ఇల్లు మొదలవుతుంది. బుడబుంగ చెంపలు ముదురు ఇటుక రంగుకు తిరుగుతాయి, నోటి మూల పసుపు చుక్క మెరుస్తుంది. మట్టి రంగులో బురదలో కలిసిపోయే గుడికొంగ వీపు మీద ముదురు ఎరుపు ఈకలు దిగుతాయి. తామరాకుల మీద నడిచే నెమలితోక జకానాకు తోక పొడవు పెరుగుతుంది, మెడ వెనుక బంగారు రంగు తేలుతుంది. గూడబాతుల పిల్లలు అప్పటికి తల్లులంత పెద్దవై, చెట్ల మీంచి దిగి, నీళ్ళలో తామే చేపలు పట్టడం నేర్చుకుంటూ ఉంటాయి. బాతులు ఈదిన చోట ఏప్రిల్‌లో నేల పగిలి ఉంటే, ఆ పగుళ్ళ మధ్య తీతువు నాలుగు గుడ్లు పెడుతుంది, మట్టిపెళ్ళల్లో మట్టిపెళ్ళల్లా. ఎండ తీవ్రమైనప్పుడు తల్లి నీటి అంచుకు పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. అందువల్ల మార్చి తరువాత ఎండిన మట్టిలోకి దిగి నడవడం నేను పూర్తిగా మానుకున్నాను. గట్టు మీది నుంచే చూస్తాను.

ఈ ఏడాది పుస్తకం ఇలా ఉంది. గూస్‌లు, మార్చి 4. సూదితోక బాతులు, మార్చి 17. ఆ తరువాత 24న పదకొండు దిగి, మర్నాటికి లేవు, కనుక గీత 24 కింద గీశాను. షోవెలర్‌లు, ఏప్రిల్ 2. గాడ్విట్‌లలో నిండుగా రంగు తిరిగినవన్నీ ఏప్రిల్ 13 నాటికి వెళ్ళాయి. బూడిద రంగులోనే ఉన్నవి ఆరు ఇంకా తింటున్నాయి. అవి మొన్నటి వేసవిలో పుట్టిన పక్షులై ఉండాలి. ఈ జాతుల్లో ఏడాది వయసువి చాలా వరకు ఉత్తరానికి పోకుండా వేసవి ఇక్కడే గడిపేస్తాయి. వాటి వరుసకు ఆఖరి తేదీ ఉండదు. ముళ్ళకంపలో చలికాలమంతా టక్ టక్ అని ఒక్క ముక్కే పలికిన రీడ్ వార్బ్లర్ అనే చిన్న వలస పిట్ట, ఏప్రిల్ 19 ఉదయం గొంతులోనే, ఎవరికో వినిపించకూడదన్నట్టు, పాట మొదలుపెట్టింది. 22న ఆ కంప నిశ్శబ్దంగా ఉంది.

గార్గనేలు, నిన్న, ఏప్రిల్ 27: రెండు. ఒక మగది, ఒక ఆడది, మిగిలిన చిన్న మడుగు మధ్యలో. చీకటి పడేదాకా కూర్చున్నాను, అవి లేవలేదు. ఆ వరుసలో మరో ఏడు గళ్ళు ఖాళీగా ఉంచాను.